మా ఊరి చెరువు అంతరిక్ష కేంద్రానికి కనిపిస్తుందా?

గుణుపురం_మాస్టారు (రాయగడ జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. గుణుపురానికి దగ్గరలో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. మాది ఒడియా మాధ్యమం బడి. పిల్లల్లో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, తెలుగు చదవడం మాత్రం రాదు. బడిలో ‘మహాకాశ’ అని నేర్చుకున్నదాన్ని ఇంటికి వెళ్లి మామ్మకు ‘అంతరిక్షం’ అని చెబుతారు.

2025 నవంబరు 2కు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మనుషులు ఎడతెగకుండా నివసించడం మొదలై 25 ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా తరగతిలో కుపోలా గది బొమ్మ చూపించాను. ఏడు కిటికీలు, మధ్యలో 80 సెంటీమీటర్ల గుండ్రటి అద్దం, దాని ముందు కెమెరా పట్టుకుని కిందికి చూస్తున్న మనిషి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి అడిగింది: “మాస్టారూ, వాళ్లకు మా చెరువు కనిపిస్తుందా?”

ఆ పిల్ల ఊరు వంశధార పక్కన, కాశీనగరం వెళ్లే దారిలో. చెరువు నేను చూసినదే. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు 400 మీటర్లు ఉంటుంది. తూము దగ్గర రావిచెట్టు, దాని కింద చాకిరేవు బండలు. “చాలా ఎత్తమ్మా, కనిపించదు” అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నాకే తెలియని సంగతి ఆమెకు ఎలా చెప్పను? తెలుసుకుని చెబుతానన్నాను.

తెలిసినవారు రాయండి. ఇక్కడ రాసేదంతా తరగతిలో గట్టిగా చదివి వినిపిస్తాను, కాబట్టి చెవికి అందేలా రాయండి.

కొండదారి (జయపురం)

మాస్టారూ, 400 కిలోమీటర్ల పైన ఉంటుంది ఆ కేంద్రం. ఇక్కడి నుంచి హైదరాబాదు దాకా ఉన్న దూరాన్ని దాదాపు నిలువుగా నిలబెట్టినట్టు. అంత దూరం నుంచి చిలికా లాంటి పెద్ద సరస్సు కనిపిస్తుంది, ఊరి చెరువు కనిపించదు. పిల్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిది.

లెక్కల_టీచర్ (పర్లాకిమిడి)

కొండదారి గారూ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ముందు లెక్క చూద్దాం.

చూపు బాగున్న మనిషి కంటికి 400 కిలోమీటర్ల దూరం నుంచి సుమారు 115 మీటర్ల వస్తువు ఆనుతుంది. చుట్టూ ఉన్నదానికి భిన్నమైన రంగులో ఉండాలి, అంతే. మీ చెరువు 400 మీటర్లు. కాబట్టి ఆ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషికి, ఎక్కడ చూడాలో తెలిస్తే, చిన్న మరకలా కనిపించడానికి అడ్డేమీ లేదు. అది కెమెరా లేకుండా చూస్తే సంగతి.

ఇక కెమెరాతో. ఇది పిల్లల చేత నల్లబల్ల మీద చేయించండి, సులువుగా వస్తుంది. లెన్సు 400 మిల్లీమీటర్లది, ఎత్తు 400 కిలోమీటర్లు. అంటే కెమెరా లోపల ఒక మిల్లీమీటరు నేల మీద ఒక కిలోమీటరు. లోపల బొమ్మ పడే పలక వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. కాబట్టి ఒక ఫోటోలో 36 కిలోమీటర్ల పొడవు, 24 కిలోమీటర్ల వెడల్పు ఉన్న నేల పడుతుంది. గుణుపురానికీ పర్లాకిమిడికీ మధ్య సూటిగా కొలిస్తే 44 కిలోమీటర్లు. రెండు ఊళ్లూ ఒకే ఫోటోలో ఇమడవు.

ఆ కేంద్రంలో ఏళ్ల తరబడి వాడిన నికాన్ డీ5 కెమెరా పలక మీద అడ్డంగా 5,568 చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయి. 36 కిలోమీటర్లను వాటికి పంచితే ఒక్కో చుక్కకు ఆరున్నర మీటర్లు వస్తుంది. 400 మీటర్ల చెరువు దాదాపు 60 చుక్కల వెడల్పున వస్తుంది. గట్టు తెలుస్తుంది. రావిచెట్టు పెద్దదైతే దాని నీడ కూడా రెండు మూడు చుక్కలుగా పడవచ్చు.

కాబట్టి అడగవలసింది “కనిపిస్తుందా” అని కాదు. ఆ పూట, మబ్బు లేని ఆ కొద్ది సెకన్లలో, ఎవరైనా మీ వైపు కెమెరా తిప్పి మీట నొక్కారా?

కొండదారి

టీచరుగారూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరో సందేహం. కేంద్రం గంటకు 27,600 కిలోమీటర్ల వేగంతో పోతుందంటారు. ఆ వేగంలో ఫోటో చెదిరిపోదా? మా ఘాటు రోడ్డులో బస్సు కిటికీలోంచి తీసినవే చెదిరిపోతాయి.

లెక్కల_టీచర్

కేంద్రం కింద నేల సెకనుకు 7.2 కిలోమీటర్ల చొప్పున జారిపోతూ ఉంటుంది. గుణుపురం నుంచి పర్లాకిమిడికి ఆరు సెకన్లు. కానీ పగటి వెలుగులో షట్టరు సెకనులో వెయ్యోవంతు తెరుచుకుంటే చాలు. ఆ వెయ్యోవంతులో నేల కదిలేది ఏడు మీటర్లు, అంటే ఒక చుక్క. కంటికి తెలియదు. బస్సు కిటికీలోంచి చెదిరేవి దగ్గరి చెట్లు. దూరపు కొండ చెదరదు కదా.

రాత్రి సంగతి వేరు. వెలుగు చాలక షట్టరును సెకనులో పదిహేనోవంతు దాకా తెరిచి ఉంచారనుకోండి, నేల 480 మీటర్లు జారుతుంది. ఈ లెన్సుతో ప్రతి దీపమూ 70 చుక్కల పొడవు గీత అయిపోతుంది. దానికేం చేస్తారో కెమెరా పట్టినవారే చెప్పాలి.

పాత_స్టూడియో (బరంపురం)

నలభై ఏళ్లుగా బరంపురంలో స్టూడియో నడుపుతున్నాను. రీళ్లు కడిగిన చేతులివి. ఈ చర్చ చూస్తే ప్రాణం లేచి వచ్చింది.

మాస్టారూ, మీ పిల్లలకు ఇలా చెప్పండి. పరుగెత్తే మెయిలు బండిని ఫోటో తీయాలంటే కెమెరాను కదలకుండా పట్టుకోకూడదు. ఒక పెట్టెను కంటితో పట్టుకుని, దానితో పాటే నడుము తిప్పుతూ, ఆ తిప్పుడు ఆగకుండానే మీట నొక్కాలి. బండి స్పష్టంగా వస్తుంది, వెనక చెట్లు గీతలవుతాయి. పైన వాళ్లు చేసేదీ అదే. కింద ఊరి దీపాలను చూపుతో పట్టుకుని, కెమెరాను వాటి వెంట మెల్లగా తిప్పుతారు. చెయ్యి కుదరడానికి రోజులు పడుతుంది. బరువులేని చోట మరీ కష్టం. కెమెరా బరువు లేకపోయినా దాని ఊపు ఎక్కడికీ పోదు. కెమెరాను ఒక పక్కకు తిప్పితే ఒళ్లు రెండో పక్కకు తిరుగుతుంది. అందుకని పాదాలను గోడ మీది కమ్మీల కింద ఇరికించుకుంటారు.

డాన్ పెటిట్ అనే ఆయన 2003లో, అక్కడే దొరికిన విడిభాగాలతో, కెమెరాను నేల వెంట తిప్పే చిన్న పరికరం సొంతంగా బిగించుకున్నారు. చేతికి దొరికిన దానితో పని కానిచ్చుకునే మన మెకానిక్కుల తెలివి అది. తరువాత 2012లో ఐరోపా అంతరిక్ష సంస్థ ఆ పనికే నైట్‌పాడ్ అనే మోటారు స్టాండు పంపింది.

ఇంకొక తిప్పలు అద్దం. కుపోలా కిటికీ ఒక్క పలక కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. రాత్రిపూట గదిలో చిన్న దీపం వెలిగినా ఆ పొరల్లో ప్రతిబింబించి ఫోటో పాడవుతుంది. అందుకని దీపాలన్నీ ఆర్పి, కెమెరా చుట్టూ నల్లగుడ్డ కప్పుకుంటారు. మా నాన్నగారు పెట్టె కెమెరా వెనక తల దూర్చి కప్పుకున్న నల్లగుడ్డ గుర్తుకొచ్చింది.

రాయగడ_రైలు

దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి తీసిన భారతదేశం ఫోటో నా దగ్గర ఉంది. రంగురంగుల దీపాలతో దేశమంతా వెలిగిపోతూ ఉంటుంది. ప్రతి ఏడూ ఫోనులో వస్తుంది. మాస్టారికి పనికొస్తుందని పెడుతున్నాను.

రుషికుల్య (గంజాం జిల్లా, భూగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను)

అన్నగారూ, మీరు మంచి మనసుతో పెట్టారు, కానీ దాన్ని తరగతిలో చూపించవద్దు. అది దీపావళి రాత్రిదీ కాదు, ఒక్క రాత్రిదీ కాదు. ఉపగ్రహాలు కొన్ని ఏళ్ల పాటు నమోదు చేసిన దీపాల వెలుగును ఒకదానిపై ఒకటి పేర్చి, 2003లో అమెరికా శాస్త్రవేత్తలు తయారుచేసిన పటం. పాత దీపాలకు తెలుపు. 1992 నాటికి వచ్చినవాటికి నీలం, 1998 నాటికి ఆకుపచ్చ, 2003 నాటికి ఎరుపు. దేశంలో దీపాలు ఎక్కడెక్కడ పెరిగాయో చూపడానికి వేసిన రంగులవి. నిజం చెప్పాలంటే దీపావళి నాడు మనం పెట్టే ప్రమిదల వెలుగు, మామూలు రోజుల వీధిదీపాల వెలుగుతో పోలిస్తే పైనుంచి తేడా తెలియనంత తక్కువ.

ఇది చెప్పడం అవసరం అనిపించింది, ఎందుకంటే మాస్టారు వెతుకుతున్నది మనిషి చేతితో తీసిన ఫోటో. ఉపగ్రహం పంపేది వేరు, ఇది వేరు. నా పని ఎక్కువగా ఉపగ్రహ చిత్రాలతోనే, అందుకని తేడా నాకు బాగా తెలుసు. రాత్రి దీపాలను కొలిచే పెద్ద ఉపగ్రహం మన ప్రాంతం మీదికి రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో వస్తుంది. రోజూ అదే వేళ. అది చూసేది వెలుగు ఎంతుందన్నదే, రంగు దానికి తెలియదు. వ్యోమగామి కెమెరా రంగును పట్టుకుంటుంది. ఇటలీలోని మిలాన్ నగరాన్ని 2012లో తీసినప్పుడు వీధులన్నీ నారింజరంగు. 2015లో తీసినప్పుడు నగరం నడిమి భాగం తెల్లబడింది, పాత సోడియం దీపాలు తీసి ఎల్‌ఈడీలు పెట్టారు కాబట్టి. ఆ మార్పును రంగులతో సహా చూపినవి ఇలా చేత్తో తీసిన ఫోటోలే.

వేళ కూడా అంతే. కేంద్రం రోజుకు దాదాపు 16 సార్లు భూమిని చుట్టి వస్తుంది, కానీ ఆ ఉపగ్రహంలా రోజూ ఒకే వేళకు రాదు. ఒకరోజు మన మీదికి పొద్దున వస్తే ఇంకొకరోజు సాయంత్రం వస్తుంది. పొద్దువాలే వేళ కొండల నీడలు సాగి ఉన్నప్పుడు ఏటవాలుగా తీసిన ఫోటోలో మహేంద్రగిరి నిజంగా కొండలా లేచి కనిపిస్తుంది. నెత్తి మీది నుంచి తీసిన ఉపగ్రహ చిత్రంలో అది ముడతపడ్డ ఆకుపచ్చ గుడ్డ.

సిరొంచ_తీరం (గడ్చిరోలి జిల్లా)

మాది మహారాష్ట్ర సరిహద్దు. బడిలో మరాఠీ, బజారులో తెలుగు. మీ మాటలు చదువుతుంటే మా సంగతే అనిపించింది.

అంతరిక్షం నుంచి చూస్తే సరిహద్దులు కనిపించవని అందరూ అంటారు. మా దగ్గర కనిపిస్తుంది. మా సరిహద్దు ఏరే. ఇవతల సిరొంచ, అవతల తెలంగాణ, మధ్యలో ప్రాణహిత. కాళేశ్వరం దగ్గర అది గోదావరిలో కలిసేచోట వానాకాలంలో గట్టు మీద నిలబడితే రెండు నీళ్ల రంగులు వేరువేరుగా కొంతదూరం పక్కపక్కనే పోతాయి. అలాంటి సంగమాలను పైనుంచి తీస్తారా?

రుషికుల్య

ఏరులు కలిసేచోట్లు వాళ్లకు చాలా ఇష్టమైన విషయం. నేల మీది శాస్త్రవేత్తలు ఏ రోజుకారోజు ఫలానా చోటు వస్తుంది, వీలైతే తీయండని పట్టిక పంపుతారు. అందులో నదీముఖాలు, మంచుకొండలు, అగ్నిపర్వతాలు, నగరాలు ఉంటాయి. పట్టికలో లేనివాటిని తీరిక వేళల్లో తమ ఇష్టం కొద్దీ తీస్తారు. అలా తీసినవే ఎక్కువ.

మీరన్న సరిహద్దు మాట నిజం. మనుషులు వెలిగించిన సరిహద్దు కూడా ఒకటి కనిపిస్తుంది. భారత్, పాకిస్తాన్ల మధ్య కంచె వెంబడి ఉన్న దీపాలు రాత్రి ఫోటోల్లో నారింజరంగు గీతలా వంకరలు పోతూ కనిపిస్తాయి. 2011లో ఒకసారి, 2015 సెప్టెంబరులో ఇంకొకసారి వ్యోమగాములు దాన్ని తీశారు. మా ఇచ్ఛాపురం, గిరిసోల దగ్గరి సరిహద్దుకు మాత్రం దీపమూ లేదు, ఏరూ లేదు. తీరం వెంట ఒకటే పచ్చదనం.

తిత్లీ_చూసినవాడు (గజపతి జిల్లా)

నేను ఒక్క మాట రాస్తాను. 2018 సెప్టెంబరు 12న జర్మనీ వ్యోమగామి అలెగ్జాండర్ గెర్స్ట్ అట్లాంటిక్ మీద ఫ్లోరెన్స్ తుపాను కన్నును ఫోటో తీశారు. పత్రికలో చూసి ఎంత అందంగా ఉందో అనుకున్నాను. పాలు చిలికినట్టు తెల్లటి సుడి, నడుమ నల్లటి గుంట. కత్తిరించి దాచుకున్నాను కూడా.

దాదాపు నెల తరువాత, అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా కొండల మీదికి వచ్చింది. వానకు కొండ కరిగి కిందికి వచ్చింది. మా జిల్లాలో పోయినవారిలో నాకు తెలిసిన ఇల్లు ఉంది. ఆ తరువాత చాలాకాలం ఆ కత్తిరింపు చూడలేకపోయాను.

ఇప్పుడు మళ్లీ చూస్తున్నాను. పైనున్న మనిషికి కింద ఇల్లు కనిపించదు. కానీ ఆ సుడి ఎంత పెద్దదో, మన జిల్లా దాని కింద ఎంత చిన్నదో ఆ ఫోటో చూసేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు హెచ్చరిక వస్తే ఊళ్లో వాళ్లకు ఆ కాగితం చూపించి, బయలుదేరండి అంటున్నాను. వెళుతున్నారు.

పాత_స్టూడియో

బాబూ, ఆ కాగితం పాడైపోకుండా అట్ట మీద అంటించి ఉంచు. ఎప్పుడైనా బరంపురం వస్తే లామినేషను చేసి ఇస్తాను.

గుణుపురం_మాస్టారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న మొదటి నుంచి చదివి వినిపించాను. 36 కిలోమీటర్ల లెక్క పిల్లలే చేశారు. తిత్లీ మాట వచ్చేసరికి తరగతి నిశ్శబ్దమైపోయింది.

ఒక శుభవార్త. నాసా జాన్సన్ కేంద్రం వారి భాండాగారంలో వ్యోమగాముల ఫోటోలన్నీ ఉచితంగా చూడవచ్చని తెలిసి, రాత్రి రెండింటి దాకా వెతికాను. అక్షాంశం 19, రేఖాంశం 84 దగ్గర ఒక రాత్రి ఫోటో దొరికింది. తీరం వెంట దీపాల వరుస, లోపల చీకటి, ఆ చీకటిలో సరిగ్గా గుణుపురం ఉండవలసిన చోట ఒంటరిగా ఒక ఎర్రటి చుక్క! పిల్లలకు చూపిద్దామా?

పాత_స్టూడియో

ఆగండి మాస్టారూ. దాని తరువాతి ఫోటో తెరవండి. కొద్ది సెకన్ల తేడాతో వరుసగా తీసి ఉంటారు. దీపాలన్నీ పక్కకు జరిగి ఉండాలి. మీ ఎర్రచుక్క కూడా జరిగిందా?

గుణుపురం_మాస్టారు

జరగలేదు. తీరం దీపాలు జరిగాయి. ఎర్రచుక్క ఉన్నచోటే ఉంది. ఇంకో రెండు ఫోటోలు చూశాను, వాటిలోనూ అదే మూల.

పాత_స్టూడియో

అయితే అది ఊరు కాదు, కెమెరా గాయం. అక్కడ విశ్వకిరణాలు ఎడతెరిపి లేకుండా దూసుకొస్తూ ఉంటాయి. తగిలినచోట పలక మీది చుక్క దెబ్బతిని, ఎప్పుడూ వెలుగుతూ ఉండిపోతుంది. నెలలు గడిచేకొద్దీ అలాంటి చుక్కలు పెరిగి, చివరికి కెమెరా మార్చవలసి వస్తుంది. నిరుత్సాహపడకండి. ఇది కూడా పిల్లలకు చెప్పవలసిన సంగతే.

రుషికుల్య

మాస్టారూ, రాత్రి వద్దు, పగటి ఫోటోలు చూడండి. వెతికే పద్ధతిలో ఒక చిక్కుంది, దాన్ని ముందే చెప్పవలసింది. భాండాగారంలో ప్రతి ఫోటోకూ రెండు చోట్లు ఉండవచ్చు. ఒకటి ఆ క్షణంలో కేంద్రం ఏ నేలకు సరిగ్గా పైన ఉందో ఆ చోటు. రెండోది ఫోటో నడిమిలో ఏముందో ఆ చోటు. మొదటిది అన్నిటికీ ఉంటుంది, రెండోది చాలా ఫోటోలకు ఎవరూ ఇంకా గుర్తించలేదు. 400 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగంతం దాదాపు 2,300 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. కేంద్రం మన నెత్తిన ఉన్నప్పుడు అటు హిమాలయాలూ ఇటు శ్రీలంకా రెండూ దాని చూపులోనే. కాబట్టి గుణుపురం మీద ఉండి తీసినది హిమాలయాల ఫోటో కావచ్చు. మధ్యప్రదేశ్ మీద ఉండి తీసినది మీ చెరువు కావచ్చు.

చుట్టుపక్కల ఎక్కడి నుంచి తీసినా తెరిచి చూడండి. ఉత్తరం పైన ఉంటుందని అనుకోవద్దు. వాళ్లకు పైనా కిందా లేవు, కెమెరా ఎటు పట్టుకుంటే అటే. ముందు చిలికా వెతకండి. బొమ్మను తిప్పి చిలికాను ఈశాన్యానికి తెచ్చుకోండి. అక్కడి నుంచి తీరం వెంట నైరుతిగా రండి: రుషికుల్య నది సముద్రంలో కలిసేచోటు, గోపాల్‌పూర్, ఇంకా కిందికి వస్తే బారువ దగ్గర మహేంద్రతనయ, ఆపైన కళింగపట్నం దగ్గర వంశధార. వంశధార నోరు దొరికితే ఇక ఏరు పట్టుకుని పైకి నడవడమే. ఏటి దారి మీకు నాకంటే బాగా తెలుసు.

మరొక్క మాట. సూర్యుడు నీటిమీద పడి నేరుగా కెమెరా వైపు తిరిగి మెరిసే ఫోటోలు కొన్ని ఉంటాయి. మామూలు ఫోటోలో నీరు నల్లగా ఉంటుంది. ఈ మెరుపు పడ్డ ఫోటోలో వెండి పోసినట్టు ఉంటుంది. ప్రతి చెరువూ, కుంటా, నీరు నిలిచిన మడీ బయటపడుతుంది. కేంద్రం కదిలేకొద్దీ ఆ మెరుపు నేల మీద పరుగెడుతుంది కాబట్టి ఒక చెరువు మీద అది ఉండేది కొద్ది సెకన్లే. అలాంటిది దొరికితే మీ అదృష్టం.

కొండదారి

నేనూ వెతుకుతాను మాస్టారూ. మొదట కనిపించదని అన్నవాణ్ణి కదా, ఆ బాకీ తీర్చుకోవాలి. వానాకాలం నెలలు వదిలేసి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నేను చూస్తాను. మార్చి తరువాతవి మీరు చూడండి, అయితే అప్పుడు పోడు పొగ ఉంటుంది.

సిరొంచ_తీరం

నేను 2016 నుంచి 2018 వరకు చూస్తాను. కష్టమేమీ లేదు, రాత్రి భోజనాలయ్యాక రోజూ ఒక గంట.

రాయగడ_రైలు

నేను కూడా. దీపావళి ఫోటో అందరికీ పంపింది నేనే. ఇప్పుడు దాని అసలు సంగతి కూడా వాళ్లందరికీ పంపాను.

మన శుభాంశు శుక్లా గారు 2025 జూన్ 26 నుంచి జులై 14 దాకా అక్కడ ఉన్నారు కదా, ఆయన తీసినవాటిలో ఉంటుందా?

రుషికుల్య

ఆ రోజుల్లో మన దగ్గర నిండు వాన, అన్నగారూ. మబ్బు కింద ఊరు దొరకడం కష్టం. తండ్రి హైదరాబాదు నుంచి వెళ్లిన అమెరికా వ్యోమగామి రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు ఉన్నారు. అది పొడికాలం, ఆ నెలలు చూడండి. ఎవరు తీశారన్నది ప్రతి ఫోటోకూ రాసి ఉండదు గానీ నెల తెలుస్తుంది.

పాత_స్టూడియో

మీరంతా వెతుకుతుంటే 1984 గుర్తుకొచ్చింది. ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ వెళ్లారు. అంతరిక్షంలో దాదాపు ఎనిమిది రోజులు ఉండి, సల్యూట్-7 అనే సోవియట్ అంతరిక్ష కేంద్రం నుంచి మన దేశాన్ని ఫోటోలు తీశారు. అక్కడ ఎంకేఎఫ్-6ఎం అనే పెద్ద కెమెరా ఉండేది. ఒకే చోటును ఆరు వేరువేరు రంగుల పట్టీల్లో ఒకేసారి తీసేది, తూర్పు జర్మనీలో చేసినది. అప్పుడు నేను ఇంకా మా నాన్నగారి దగ్గర పని నేర్చుకుంటున్నాను. రేడియోలో విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “రీలు అక్కడ ఎవరు కడుగుతార్రా?” ఎవరూ కడగరు, కిందికి తెచ్చి కడగాలి. అందుకని తీసినవాళ్లకు కూడా తిరిగొచ్చేదాకా ఏం పడిందో తెలిసేది కాదు. ఆ నిరీక్షణ ఎలాంటిదో రీలు కడిగినవారికి తెలుస్తుంది.

కొండదారి

మాస్టారూ, పదకొండో రాత్రి. ఒకటి పెడుతున్నాను, జాగ్రత్తగా చూడండి. 50 మిల్లీమీటర్ల లెన్సు. ఫిబ్రవరి నెల, పగలు. చిలికా ఎడమ చేతి కింది మూలన ఉంది, అంటే బొమ్మ తలకిందులు. పైన కుడివైపు సముద్రం కాదు, కొండలు. తిప్పి చూస్తే వంశధార మొత్తం కళింగపట్నం నుంచి వెండి తీగలా మెరుస్తోంది.

లెక్కల_టీచర్

చూశాను! 50 మిల్లీమీటర్ల లెన్సు కాబట్టి ఒక మిల్లీమీటరుకు ఎనిమిది కిలోమీటర్లు, ఒక చుక్కకు సుమారు 52 మీటర్లు. మాస్టారి చెరువు ఎనిమిది చుక్కల వెడల్పు ఉండాలి. పర్లాకిమిడి దొరికింది, మహేంద్రతనయ వంపు దగ్గర. అక్కడి నుంచి వాయవ్యంగా 44 కిలోమీటర్లు, అంటే సుమారు 850 చుక్కలు లెక్కపెడితే గుణుపురం. చెరువు ఆ రెంటికీ మధ్యనే ఉండాలి.

రుషికుల్య

మెరుపు వంశధార మీద బలంగా ఉంది, కొండలవైపు పోయేకొద్దీ తగ్గుతోంది. చెరువు ఏటికి దగ్గరే అయితే మెరుపులో పడి ఉంటుంది. ఏటి వెంబడి కుడిగట్టున మూడు వెండి చుక్కలు చూస్తున్నాను. వాటిలో ఏదో మాస్టారే చెప్పాలి.

గుణుపురం_మాస్టారు

మూడిటిలో నడిమిది.

నేను చెప్పలేదు, ఆ అమ్మాయి చెప్పింది. ఈరోజు కంప్యూటర్ గదిలో తెర మీద పెట్టి, మూడు చుక్కలూ చూపించి ఊరుకున్నాను. పిల్లలందరూ తోసుకుంటూ ముందుకు వచ్చారు. ఆమె తెరకు బాగా దగ్గరగా జరిగి, చాలాసేపు చూసి, “పైదానికి పక్కన కొండ ఉంది, మాకు అంత దగ్గరలో కొండ లేదు. కింది దానికి గట్టు గుండ్రంగా ఉంది. మాది ఒక పక్క సొట్టపోయి ఉంటుంది, తూము దగ్గర” అంది. నడిమి చుక్కకు నిజంగానే ఒక మూల విరిగి ఉంది. ఎనిమిది చుక్కల వెడల్పు, ఏడు చుక్కల ఎత్తు, ఒక మూలన రెండు చుక్కలు నలుపు.

వెంటనే ఇంకో ప్రశ్న వేసింది: “ఇది తీసినప్పుడు ఫిబ్రవరి కదా, మా చెరువులో అప్పుడు ఇంత నీరు ఉందా?” ఆ ఏడాది ఎంత నీరు ఉందో వాళ్ల తాతను అడిగి రాసుకురమ్మన్నాను.

స్టూడియోవారూ, గోడకు పెట్టడానికి పెద్దది ఒకటి వేసి ఇవ్వగలరా? ఖర్చు ఉపాధ్యాయులం వేసుకుంటాం.

పాత_స్టూడియో

ఖర్చు మాట ఎత్తకండి. ఇరవై అంగుళాలు, ముప్పై అంగుళాలు వేస్తాను, మెరుపు లేని కాగితం మీద, లేకపోతే తరగతి కిటికీ వెలుగు పడి వెండి కనిపించదు. బొమ్మ ఎటు తిప్పి వేయమంటారు, ఉత్తరం పైకా, తీసినట్టేనా? చెరువు దగ్గర ఎర్రటి బాణం గుర్తు వేయనా?

గుణుపురం_మాస్టారు

అడిగి చెబుతున్నాను. తీసినట్టే ఉంచమన్నారు, తలకిందులుగానే. బాణం వద్దన్నారు. మిగతా ఊళ్ల పిల్లలు తమ చెరువులు కూడా అందులోనే వెతుక్కోవాలట.

పాత_స్టూడియో

అలాగే మాస్టారూ. శనివారం పొద్దున గుణుపురం బస్సులో పంపిస్తున్నాను. గొట్టంలో చుట్టి, డ్రైవరు సీటు వెనక నిలబెట్టమని చెప్పాను. వాన పడినా తడవదు.

కొండదారి

మాస్టారూ, ఆ పిల్ల వాళ్ల తాత ఏం చెప్పాడో రాయడం మరవకండి.